ఒత్తిడికి గుండె స్పందన: ఎక్కువైనా చిక్కే, తక్కువైనా చిక్కే

టెన్షన్ పడితే గుండెకు ముప్పన్నది అందరూ వినే మాట. ఒత్తిడి ఎదురైనా గుండె పెద్దగా చలించని వాళ్లలో కొన్ని ఆరోగ్య సమస్యలు ఎక్కువగా కనిపిస్తున్నాయన్నది ఈమధ్య వినబడుతున్న మాట. రెండూ పక్కపక్కన చదివితే తికమక తప్పదు. గుండె దడదడలాడితే మంచిదా, నిబ్బరంగా ఉంటే మంచిదా? ఈ రెండు మాటల వెనకా ఒకే పరిశోధకుడి పేరు కనిపించడం ఇంకో విచిత్రం. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డగ్లస్ కారల్ 1980ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని తిరిగారు. మొదట్లో తను నమ్మిన సిద్ధాంతాన్ని తన లెక్కలతోనే పలచన చేశారు, ఆ తర్వాత దాదాపు తలకిందులు చేశారు. ఆయన దారిని అనుసరిస్తే ఈ తికమకలో చాలా భాగం విడిపోతుంది.

క్లుప్తంగా: మానసిక ఒత్తిడిలో గుండె వేగం, రక్తపోటు శరీరం అవసరాన్ని మించి పెరుగుతాయి. ఈ పెరుగుదల ఎక్కువగా ఉన్నవాళ్లకు మున్ముందు బీపీ, గుండె జబ్బుల ముప్పు కొద్దిగా ఎక్కువ. ఆ 'కొద్దిగా' చాలా చిన్నది, ఒక మనిషి జాతకం చెప్పడానికి చాలదు. మరీ తక్కువ స్పందనకు కుంగుబాటు, ఊబకాయం, పొగతాగే అలవాటు వంటి వాటితో సంబంధం కనిపిస్తోంది. ఒక్క ఘటనతో వచ్చే గుండెపోటు కథ వేరు, ఏళ్ల తరబడి రక్తనాళాలు పాడయ్యే కథ వేరు.

కూర్చున్న చోటే పరుగు

ఊహించని ప్రశ్న ఎదురైన మరుక్షణం గుండె వేగం మారుతుంది. ముందుగా జరిగేది వేగం పెంచడం కాదు, బ్రేకు వదలడం. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడి దాన్ని పట్టి ఉంచబట్టే విశ్రాంతిలో 70 దగ్గర నిలుస్తుంది. ఒత్తిడి తగలగానే ఈ పట్టు ఒకటి రెండు స్పందనల వ్యవధిలోనే సడలుతుంది. కొన్ని సెకన్లు గడిచాక శరీరాన్ని ఉరకలెత్తించే సింపథటిక్ నాడులు రంగంలోకి దిగి నోరాడ్రినలిన్ వదులుతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి పంపుతాయి. వీటన్నిటి కంటే నిదానం కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్. ఒత్తిడి మొదలైన 20, 30 నిమిషాలకు గానీ అది తారస్థాయికి చేరదు. అప్పటికి గొడవ సద్దుమణిగి ఎవరి పనిలో వాళ్లు పడిపోయి ఉంటారు.

అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఎదిరించడానికో పారిపోవడానికో కండరాలకు రక్తం కావాలి, అందుకు శరీరం ముందే సిద్ధమవుతుందన్నది దాని సారం. వివరణ బాగానే ఉంది కానీ, పరీక్ష హాల్లోనో ఆఫీసు మీటింగ్‌లోనో కూర్చున్నవాళ్లు ఎవరినీ కొట్టరు, ఎక్కడికీ పారిపోరు. మరి ఆ రక్తమంతా ఏ పనికి?

ఈ ప్రశ్నకు కారల్, ఆయన సహచరుడు రిక్ టర్నర్ 1980ల మధ్యలో కొలతలతో జవాబు వెతికారు. ప్రయోగం పైకి సాదాగా ఉంటుంది. వ్యాయామం చేయించి, శ్రమను అంచెలంచెలుగా పెంచుతూ, పాల్గొన్నవాళ్లు పీల్చే గాలిని, వదిలే గాలిని కొలిచారు. శరీరం ఎంత ఆక్సిజన్ ఖర్చు చేస్తోందో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఇలా ఒకే చోట తెలుస్తుంది. వ్యాయామంలో ఈ రెండూ జంటగా పెరుగుతాయి. గ్రాఫు గీస్తే తిన్నని గీత వస్తుంది. ఆ తర్వాత వాళ్లతోనే మనసులో లెక్కలు చేయించారు, వీడియో గేమ్ ఆడించారు. ఆక్సిజన్ ఖర్చు కాస్త పెరిగింది. గుండె వేగం మాత్రం ఆ గీత చెప్పిన దానికంటే చాలా పైకి పోయింది.

ఉదాహరణకు ఒకరి గుండె వేగం 95కు చేరాలంటే ఓ మోస్తరుగా సైకిల్ తొక్కాల్సి వస్తుందనుకుందాం. ఆ వ్యక్తి కుర్చీలో కూర్చుని, వేలితో మీట నొక్కుతూ, తెరమీద శత్రువులను కాలుస్తూ అదే 95ను అందుకుంటాడు. కండరాలు అడగని రక్తాన్ని మెదడు ముందస్తుగా పంపించేసిందన్నమాట. ఈ అదనపు స్పందనే కారల్ పరిశోధనలకు పునాది.

వ్యాయామంలోనూ గుండె వేగం పెరుగుతుంది కదా, అది మంచిదైతే ఇది చెడ్డదెలా అవుతుందన్న ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. నడుస్తున్నప్పుడో పరుగెత్తుతున్నప్పుడో పనిచేసే కండరాల్లోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. గుండె పంపిన రక్తానికి అక్కడ గిరాకీ ఉంటుంది. రోజూ చేసేవాళ్లకు కొన్నాళ్లకు విశ్రాంతిలో గుండె వేగం తగ్గుతుంది కూడా. మానసిక ఒత్తిడిలో గిరాకీ లేకుండానే సరఫరా పెరుగుతుంది.

ఈ ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. మనిషికీ మనిషికీ మధ్య తేడా విపరీతం. అదే లెక్క, అదే గది, అదే గడువు. ఒకరి గుండె నాలుగైదు స్పందనలు పెరిగి ఊరుకుంటే, పక్కవారిది 30కి పైగా ఎగబాకుతుంది. కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్షించినా ఎక్కువ స్పందించేవాళ్లు చాలావరకు ఎక్కువగానే స్పందిస్తారు. కవల పిల్లలపై 1985లో కారల్ బృందం ప్రచురించిన అధ్యయనం ఇందులో వంశపారంపర్యం పాత్ర ఉందని చూపింది. అంటే ఇది ఆ రోజు మూడ్‌ను బట్టి వచ్చే మార్పు మాత్రమే కాదు, మనిషి స్వభావంలో భాగం. స్వభావమైతే జబ్బుకూ దారితీయొచ్చు కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది.

ఒకే అంకె, రెండు దారులు

అక్కడికి వెళ్లేముందు బీపీ గురించి ఒక మాట. బీపీ మీటరులో కనిపించే అంకె రెండు విషయాల ఫలితం. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోంది, చిన్న రక్తనాళాలు దానికి ఎంత అడ్డుపడుతున్నాయి. నీళ్ల పైపుతో మొక్కలు తడిపేవాళ్లకు ఇది తెలిసిందే. కుళాయి ఎక్కువ తిప్పినా పైపులో ఒత్తిడి పెరుగుతుంది, పైపు మూతిని వేలితో నొక్కినా పెరుగుతుంది.

మంచునీళ్లలో చేయి ముంచితే బీపీ పెరగడానికి ముఖ్య కారణం రక్తనాళాలు బిగుసుకోవడం. వేగంగా లెక్కలు చేయమంటే ముందు గుండె జోరందుకుంటుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పాల్ ఆబ్రిస్ట్ ఈ తేడాను 1970ల్లో స్పష్టం చేశారు. ఏదో ఒకటి చేసి గట్టెక్కగలిగే పరిస్థితుల్లో గుండె పని పెరుగుతుంది, పళ్లబిగువున భరించడం తప్ప మార్గం లేనప్పుడు రక్తనాళాలు బిగుస్తాయి. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు దీన్ని సవాలు, బెదురు అనే రెండు స్థితులుగా విడదీశారు. ఎదురైన పనికి తన సత్తా చాలుతుందని నమ్మేవారిలో గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, నాళాలు విచ్చుకుంటాయి. చాలదనుకునేవారిలో నాళాలు ముడుచుకుంటాయి. ఇద్దరి బీపీ పైఅంకె 140 దగ్గరే ఉండొచ్చు. లోపల జరుగుతున్నది మాత్రం వేరు. బీపీ పెరిగిందన్న వార్త ఒక్కటే పట్టుకుంటే ఈ సగం కథ తెలియకుండా పోతుంది.

అనుమానం ఎక్కడ మొదలైంది

ఎక్కువ స్పందన మున్ముందు జబ్బుకు సూచన కావచ్చన్న ఊహ 1930ల నాటిది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్గార్ హైన్స్, జార్జ్ బ్రౌన్ అనే వైద్యులు మంచునీళ్ల పరీక్షను రూపొందించారు. చేతిని నిమిషం పాటు మంచునీళ్లలో ఉంచి బీపీ ఎంత ఎగిసిందో చూసేవారు. ఎక్కువ ఎగిసినవాళ్లకే తర్వాత అధిక రక్తపోటు వస్తుందని వాళ్ల అంచనా.

1950ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ 'టైప్ ఏ' మనిషిని తెరమీదికి తెచ్చారు. ఎప్పుడూ తొందర, పోటీ, చిరాకు. కాలిఫోర్నియాలో 39 నుంచి 59 ఏళ్ల వయసున్న 3,154 మంది పురుషులను ఎనిమిదిన్నరేళ్లు గమనిస్తే, టైప్ ఏ వాళ్లలో గుండె జబ్బులు మిగతావారికి రెట్టింపుగా తేలాయి. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత జరిగింది మాత్రం అంతగా పాకలేదు. 1988లో అదే అధ్యయనంలోని వారిని మళ్లీ పరిశీలిస్తే, ఒకసారి గుండెపోటు నుంచి బయటపడిన వాళ్లలో టైప్ ఏ మనుషులే ఎక్కువకాలం బతికినట్టు కనిపించింది. ఈ తరహా పరిశోధనలకు పొగాకు కంపెనీలు చాలాకాలం ఉదారంగా నిధులిచ్చిన సంగతి ఆ కంపెనీల పాత దస్తావేజులు బయటికి వచ్చాకే తెలిసింది. గుండె జబ్బుకు కారణం సిగరెట్టు కాదు, స్వభావమే అనిపిస్తే ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర్లేదు.

గట్టి సాక్ష్యం కోతుల నుంచి వచ్చింది. నార్త్ కరోలినాలో జే కప్లాన్, స్టీఫెన్ మానక్ బృందం మకాక్ కోతులపై 1980ల్లో వరుస ప్రయోగాలు చేసింది. వాటిని పట్టుకోవడానికి వాడే మందపాటి చేతి తొడుగును ఎదురుగా చూపిస్తారు. తొడుగు చూడగానే గుండె వేగం బాగా పెరిగే కోతులు కొన్ని, అంతగా పెరగనివి కొన్ని. అన్నిటికీ కొవ్వు ఎక్కువున్న ఒకే మేత పెట్టారు. కొంతకాలానికి పరీక్షిస్తే, ఎక్కువ స్పందించిన కోతుల గుండె ధమనుల్లో పూడికలు ఎక్కువగా ఉన్నాయి. మరో ప్రయోగంలో గుంపు సభ్యులను తరచూ మారుస్తూ వచ్చారు. పెత్తనం చేసే మగకోతికి ప్రతిసారీ తన పెత్తనాన్ని కొత్తగా గెలుచుకోవాల్సిన పరిస్థితి. పూడికలు ఎక్కువైంది ఆ పెత్తందార్లకే. గుండె వేగాన్ని అదుపుచేసే ప్రొప్రనలాల్ ఇచ్చినప్పుడు ఆ తేడా పోయింది. గుండె మీద సింపథటిక్ నాడుల ప్రభావానికి, పూడికకు మధ్య లంకె ఉందనడానికి ఇంతకంటే నేరుగా ఉన్న సాక్ష్యం అరుదు.

హాని జరిగే తీరు కూడా కొంతవరకు తెలుసు. ధమనులు చీలే మలుపుల దగ్గర రక్తం సుడులు తిరుగుతుంది. వేగం, పీడనం మాటిమాటికీ ఎగిసిపడుతుంటే అక్కడి లోపలి పొర మీద రాపిడి పెరుగుతుంది. ఒత్తిడిలో రక్తం కొద్దిగా చిక్కబడుతుంది, ప్లేట్‌లెట్లు అంటుకునే గుణం పెరుగుతుంది, గంటా రెండు గంటల్లో వాపును సూచించే రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. కొన్ని నిమిషాల మానసిక ఒత్తిడి చాలు, నాళం విచ్చుకునే శక్తి గంటల తరబడి తగ్గి ఉంటుందని 2000లో ఒక అధ్యయనం చూపింది. మెదడులో భయాన్ని నమోదు చేసే అమిగ్డలా చురుకుగా ఉన్నవాళ్లలో ఎముక మజ్జ చురుకుదనం, ధమని గోడల్లో వాపు కూడా ఎక్కువగా ఉండటాన్ని 2017లో బోస్టన్ పరిశోధకులు 293 మంది స్కాన్లలో గమనించారు.

సొంత సిద్ధాంతానికే పరీక్ష

ఇంత సాక్ష్యం ఉన్నప్పుడు మనుషుల్లో పరీక్షిస్తే ఫలితం ఘంటాపథంగా రావాలి. రాలేదు.

లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో కొందరికి ఒత్తిడి పరీక్ష కూడా చేశారు. వెయ్యి మందికి పైగా పురుషుల వివరాలతో కారల్ బృందం 1995లో ఫలితాలు ప్రచురించింది. ఒత్తిడిలో బీపీ బాగా పెరిగినవాళ్లకు కొన్నేళ్ల తర్వాత మామూలు బీపీ కాస్త ఎక్కువగా ఉన్న మాట నిజమే. అయితే మొదటిరోజు విశ్రాంతిలో కొలిచిన బీపీ తెలిస్తే చాలు, ఆ తర్వాతి బీపీని దాదాపుగా అంచనా వేయొచ్చు. ఒత్తిడి పరీక్ష దానికి కొత్తగా చేర్చింది అతి స్వల్పం. ఈ సిద్ధాంతం మీదే తన పేరు తెచ్చుకున్న పరిశోధకుడు ఆ మాటను దాచకుండా రాయడం గమనించదగ్గది.

2010 నాటికి ఇలాంటి అధ్యయనాలు బోలెడు పోగయ్యాయి. యోయిచి చిడా, ఆండ్రూ స్టెప్‌టో వాటన్నిటినీ కలిపి లెక్కగట్టారు. ఎక్కువ స్పందనకు, తర్వాతి గుండె ముప్పుకు మధ్య సంబంధం ఉంది. దాని బలం 0.09. ఏ సంబంధమూ లేకపోతే ఈ అంకె సున్నా, పూర్తి సంబంధం ఉంటే 1. వర్గం చేస్తే 0.008 వస్తుంది. మనుషుల మధ్య కనిపించే ముప్పు తేడాల్లో ఒక్క శాతం కూడా దీని ఖాతాలో పడదు. మిగిలిన 99 శాతానికి పైగా వయసు, పొగాకు, చక్కెర వ్యాధి, కొలెస్ట్రాల్, వంశం, ఇంకా లెక్కకు అందని ఎన్నో కారణాలు.

అలాగని కొట్టిపారేయడమూ సరికాదు. అమెరికాలో నాలుగు వేల మందికి పైగా యువతీయువకులను 13 ఏళ్లు గమనించిన అధ్యయనంలో, మంచునీళ్లకూ వీడియో గేమ్‌కూ ఎక్కువగా స్పందించినవాళ్లు మిగతావారి కంటే ముందుగా అధిక బీపీ బారిన పడ్డారు. 2012లో కారల్ బృందమే ఇంకో ఫలితం ఇచ్చింది. ఒత్తిడిలో బీపీ ఎక్కువగా పెరిగినవారిలో 16 ఏళ్ల కాలంలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఎక్కువ. సంబంధం నిజం, చిన్నది. లక్షల మంది లెక్కలో అది కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి ఏమవుతుందో చెప్పడానికి పనికిరాదు. వార్తల శీర్షికల్లో జారిపోయేది సరిగ్గా ఈ తేడానే.

ప్రయోగశాల అంకె ఎందుకు ఇంత బలహీనం? పది నిమిషాల లెక్కల పరీక్ష ఒక మనిషి ఏళ్ల తరబడి పడే ఒత్తిడికి ప్రతినిధి కాలేదన్నది మొదటి కారణం. పరీక్షలో బాగా స్పందించే మనిషి జీవితంలో అసలు చీకూచింతా లేకపోవచ్చు. మోస్తరుగా స్పందించే మనిషి రోజుకు ఇరవైసార్లు ఆ స్థితిలో పడుతుండొచ్చు. బయటి ఒత్తిడి ఆగాక లోపలిది ఆగకపోవడం రెండో కారణం. పొద్దున జరిగిన మాటామాటా రాత్రి పడుకున్నాక మళ్లీ మళ్లీ మనసులో తిప్పుకునేవాళ్లున్నారు. తలుచుకున్న ప్రతిసారీ గుండెకు అది కొత్త గొడవే. నెదర్లాండ్స్ పరిశోధకుడు యోస్ బ్రోస్‌ఖాట్, జూలియన్ థేయర్ ప్రభృతులు 2006 నుంచి గట్టిగా వాదిస్తున్నది ఇదే. ఘటన కంటే దాని నెమరువేతే ఎక్కువసేపు ఉంటుంది. స్పందన ఎంత ఎత్తుకు వెళ్లిందన్న దానితో పాటు ఎంతసేపటికి దిగిందన్నదీ ముఖ్యమే. చిడా, స్టెప్‌టో లెక్కలో నెమ్మదిగా కోలుకోవడానికీ దాదాపు అంతే బలమైన సంబంధం దొరికింది.

కొలిచే తీరే కొలతను మార్చేస్తుందన్నది మరో చిక్కు. ఇటలీలో జుసెప్పే మాంచియా బృందం 1983లో ధమనిలోనే సన్నని గొట్టం ఉంచి రోజంతా బీపీ నమోదు చేసింది. డాక్టరు మంచం దగ్గరికి రాగానే బీపీ సగటున 27/15 పాయింట్లు పెరిగింది. కొందరిలో ఇంకా ఎక్కువ. రోగికి ఎవరూ లెక్కలు చెప్పమనలేదు, మంచునీళ్లలో చేయి పెట్టమనలేదు.

నిబ్బరమా, మొద్దుబారడమా?

కారల్ పరిశోధనలో అసలు మలుపు స్కాట్లండ్‌లో వచ్చింది. గ్లాస్గో పరిసరాల్లో మూడు తరాల మనుషులను 1987 నుంచి ఇరవై ఏళ్లు గమనించే పెద్ద సర్వేలో, 1990ల మధ్యలో 1,600 మందికి పైగా ఒత్తిడి పరీక్ష చేశారు. ఆ పరీక్ష వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. టేపులో ఒక్కో అంకె వినిపిస్తుంది. ప్రతి అంకెనూ దానికి ముందు విన్న అంకెతో కూడి చెప్పాలి. నాలుగు, ఏడు వినిపిస్తే పదకొండు అనాలి. తర్వాత ఐదు వినిపిస్తుంది. పదకొండుకు ఐదు కలిపి పదహారు అనబోతారు, అది తప్పు. ఏడుకు ఐదు కలిపి పన్నెండు అనాలి. తాను చెప్పిన జవాబును వెంటనే మరిచిపోవాలి, విన్నదాన్ని గుర్తుంచుకోవాలి. ఈలోగా తర్వాతి అంకె వచ్చేస్తుంది. రాన్రానూ వేగం పెరుగుతుంది. ఎంత నెమ్మదస్తులకైనా నుదుటి మీద చెమట పట్టించే పరీక్ష ఇది.

పాత సిద్ధాంతం ప్రకారం ఎక్కువ స్పందించినవాళ్లలో అనారోగ్యం ఎక్కువ కనిపించాలి. తేలింది వేరు. కుంగుబాటు లక్షణాలు ఎక్కువున్నవాళ్ల గుండె తక్కువగా స్పందించింది. ఊబకాయం ఉన్నవాళ్లదీ అంతే. తమ ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నవాళ్లదీ అంతే. పొగతాగేవాళ్లలో, మద్యానికి బానిసలైనవాళ్లలో మందకొడి స్పందన ఉంటుందని ఇతర అధ్యయనాల్లోనూ వచ్చింది. అమెరికాలో విలియం లొవాలో బృందం బాల్యంలో తీవ్రమైన కష్టాలు చూసినవాళ్లలో ఇదే ధోరణి గమనించింది.

వాళ్లు పరీక్షను పట్టించుకోలేదేమో, మనసుపెట్టి చేయలేదేమో అన్న అనుమానం రావడం సహజం. కారల్ బృందానికీ వచ్చింది. పరీక్షలో సాధించిన మార్కులు, పరీక్ష ఎంత కష్టంగా అనిపించిందన్న జవాబులు లెక్కలోకి తీసుకున్నా మందకొడి స్పందన అలాగే నిలిచింది. గుండెకు శక్తి లేకపోవడం కూడా పూర్తి వివరణ కాదు. 2013లో మెదడు స్కాన్లతో చేసిన అధ్యయనం ఒక దారి చూపింది. గుండె తక్కువగా స్పందించేవారిలో ఒత్తిడి పరీక్ష సమయంలో అమిగ్డలా, దానితో కలిసి పనిచేసే ముందరి సింగ్యులేట్ భాగం కూడా తక్కువ చురుకుగా ఉన్నాయి. ఒక పని ఎంత ముఖ్యమైనది, దానికి ఎంత శ్రమ పెట్టాలి అని బేరీజు వేసే భాగాలివి. లోపం గుండెలో కాదు, గుండెకు ఆజ్ఞ పంపే చోట ఉందన్నది ఈ బృందం వాదన.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ సంబంధాల్లో చాలావరకు కారణం ఏది, ఫలితం ఏది అన్నది తేలలేదు. కుంగుబాటు వల్ల గుండె మందగించిందో, స్పందన మొదటి నుంచీ మందంగా ఉండటమే కుంగుబాటుకు ఆనవాలో తేల్చడం ఒకసారి కొలిచే అధ్యయనాలతో అయ్యే పని కాదు. ఒత్తిడిలో ప్రశాంతంగా ఉండే ప్రతివారూ జబ్బుమనుషులని దీని అర్థం అంతకంటే కాదు. నిబ్బరం వేరు, మొద్దుబారడం వేరు. నిబ్బరస్తుడి గుండె ఎగసి, పని అయ్యాక త్వరగా దిగుతుంది. మొద్దుబారిన వ్యవస్థ ఎగయనే ఎగయదు.

ఈ కొత్త ఫలితాలతో పాత సిద్ధాంతం చెల్లిపోలేదు. ఎక్కువ స్పందన బీపీ, పూడికల వైపు, తక్కువ స్పందన కుంగుబాటు, వ్యసనాల వైపు మొగ్గు చూపుతున్నాయి. రెండు చివరలూ రెండు వేర్వేరు చిక్కులకు గుర్తులు. తికమకకు మూలం ఈ రెండు చిక్కులనూ 'అనారోగ్యం' అనే ఒకే మాటతో పిలవడంలో ఉంది.

ఒక్క క్షణంలో ప్రమాదం

ఇప్పటిదాకా చెప్పుకున్నది నెమ్మదిగా సాగే వ్యవహారం. ఆవేశంలో ఉన్నపళాన కుప్పకూలిన మనిషి గురించిన వార్త దీనికి చెందదు. అది ఇంకో లెక్క.

ఇక్కడా కారల్ చెయ్యి ఉంది. 1998 జూన్ 30న ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్ జట్టు పెనాల్టీ షూటౌట్‌లో అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆ రోజు, ఆ తర్వాతి రెండు రోజులు ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో గుండెపోటుతో చేరినవారి సంఖ్య మామూలు కంటే 25 శాతం పెరిగిందని ఆయన బృందం 2002లో లెక్కతేల్చింది. 2006 ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె అత్యవసర కేసులు 2.66 రెట్లయ్యాయి. మగవారిలో 3.26 రెట్లు, ఆడవారిలో 1.82 రెట్లు. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలిస్‌ను కుదిపేసిన నార్త్‌రిడ్జ్ భూకంపం రోజు, రోజుకు సగటున 4.6గా ఉండే హఠాత్ గుండె మరణాలు 24కు చేరాయి.

భూకంపం లెక్కలో అంతగా ప్రచారంలోకి రాని మరో సగం ఉంది. ఆ తర్వాతి కొద్దిరోజులు హఠాత్ మరణాలు మామూలు కంటే తగ్గాయి. అంటే ఆ రోజు పోయినవారిలో చాలామందికి అప్పటికే గుండె జబ్బు ముదిరి ఉండాలి, త్వరలో రాబోయే ప్రమాదాన్ని భయం ముందుకు జరిపి ఉండాలి. ధమనిలో ఏళ్లుగా పేరుకున్న పూడిక మీద పలచని పొర ఉంటుంది. బీపీ హఠాత్తుగా ఎగిసినప్పుడు అది చిట్లితే, అంటుకునే స్వభావం పెరిగి ఉన్న ప్లేట్‌లెట్లు అక్కడ గడ్డకడతాయి. లేదా అడ్రినలిన్ ఉధృతికి గుండె లయ తప్పుతుంది. మందుగుండు ఏళ్ల తరబడి పోగవుతుంది, ఆ రోజు పడేది నిప్పురవ్వ. 'టెన్షన్ వల్లే పోయాడు' అన్న మాట రవ్వను చూపిస్తుంది, మందుగుండును చూపించదు.

పూడిక లేకుండానే జరిగేదీ ఒకటుంది. జపాన్ వైద్యులు 1990లో వర్ణించిన టాకోట్సుబోలో, తీవ్రమైన దుఃఖమో భయమో తగిలాక గుండె ఎడమ గది కింది భాగం బుడగలా ఉబ్బి కదలిక కోల్పోతుంది. ఆ ఆకారం అక్కడి జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండను పోలి ఉంటుంది, పేరు దాన్నుంచే. ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలలో వస్తుంది. చాలామందిలో వారాల్లో తగ్గిపోతుంది.

ఇప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో సాక్ష్యం మరింత గట్టిది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ బృందం 918 మంది రోగులతో నలుగురి ముందు ఉపన్యాసం చెప్పించి గుండెకు రక్తప్రసరణ కొలిచింది. 16 శాతం మందిలో ప్రసరణ తగ్గింది. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, దాదాపు అయిదేళ్లలో వాళ్లకు గుండెపోటు గానీ గుండె జబ్బుతో మరణం గానీ సంభవించే అవకాశం మిగతావారికి రెండున్నర రెట్లు. వ్యాయామ పరీక్షలో కనిపించే లోపం కంటే ఇది మరింత స్పష్టంగా ముప్పును సూచించింది.

వైద్యంలో దీని స్థానం

ఇంత పరిశోధన ఉన్నా మానసిక ఒత్తిడి పరీక్ష మామూలు వైద్యంలో భాగం కాలేదు. మంచునీళ్ల బకెట్టో లెక్కల టేపో పెట్టుకున్న బీపీ క్లినిక్కు సాధారణంగా కనిపించదు. కారణం వైట్‌హాల్ ఫలితమే: విశ్రాంతిలో సరిగ్గా కొలిచిన బీపీ చౌకగా అంతకంటే ఎక్కువ చెబుతుంది.

ఒత్తిడిని తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా అన్న ప్రశ్నకూ సూటి జవాబు లేదు. గుండెపోటు వచ్చినవారిలో కుంగుబాటుకు, ఒంటరితనానికి చికిత్స చేసి చూసిన అమెరికా ప్రయోగం 2003లో ముగిసింది. దాదాపు 2,500 మందిలో మనసు స్థిమితపడింది కానీ మళ్లీ గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. ఉద్యోగ ఒత్తిడిపై ఐరోపాలో దాదాపు రెండు లక్షల మంది వివరాలు కలిపి 2012లో ప్రచురించిన విశ్లేషణలో, పని ఎక్కువగా ఉండి దానిపై తనకు పట్టులేని ఉద్యోగులకు గుండె జబ్బు ముప్పు 23 శాతం ఎక్కువని తేలింది. సమాజం మొత్తంలో ఆ ఒక్క కారణానికి ఆపాదించగలిగిన కేసులు మాత్రం 3.4 శాతమే. పొగాకు వాటాతో పోలిస్తే ఇది చిన్నదని ఆ రచయితలే రాశారు.

టెన్షన్ అనే మాటకున్న అసలు ప్రమాదం వైద్యులకు వేరేచోట కనిపిస్తుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వచ్చినప్పుడు అదే తగ్గుతుందిలే, టెన్షన్ వల్ల వచ్చిందని కూర్చుంటే విలువైన గంటలు పోతాయి. గుండె కండరం బతికేది ఆ గంటల్లోనే.

ఇప్పుడు పరిశోధన ప్రయోగశాల దాటి మణికట్టు మీదికి వచ్చింది. చేతి గడియారాలే 'మీ ఒత్తిడి పెరిగింది' అని చెబుతున్నాయి. అవి సాధారణంగా కొలిచేది గుండె వేగాన్ని, ఒక స్పందనకూ తర్వాతి స్పందనకూ మధ్య వ్యవధిలోని హెచ్చుతగ్గులను. మెట్లెక్కినా, కాఫీ తాగినా, జ్వరం వచ్చినా, చూస్తున్న ఫుట్‌బాల్ ఆటలో గోల్ పడినా ఆ అంకెలు మారుతాయి. రక్తనాళాలు విచ్చుకున్నాయా ముడుచుకున్నాయా అన్నది చాలా గడియారాలకు తెలియదు. శరీరం ఎంత ఆక్సిజన్ వాడుతోందో నేరుగా కొలవవు, కదలికను బట్టి అంచనా వేస్తాయి. నలభై ఏళ్ల కిందట కారల్, టర్నర్ వీడియో గేమ్ ఆడేవాళ్ల శ్వాసను కూడా కొలిచింది గుండె వేగం ఒక్కదానితో ఈ తేడా పట్టుబడదనే.